తడపని నేల

"ఆ పెట్టె మూత మూయొద్దు ఖలీల్. మూసినావంటే ఇంగ నువ్వు నా కొడుకువే కాదు!"

జైతూన్ బీ అన్నంత పనీ చేసే మనిషి కాదని ఖలీల్‌కు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అందుకే మూత మూశాడు. మూసి, దానిమీద మోకాలు పెట్టి అదిమి, కొక్కెం కూడా బిగించాడు.

పెట్టె అతని భార్య షాహిస్తాది. పెళ్లినాడు ఎమ్మిగనూరు నుంచి ఆమెతో పాటే ఆదోనికి వచ్చిన రేకు పెట్టె. ఇప్పుడు మళ్లీ ఎమ్మిగనూరుకే ప్రయాణమైంది. కర్నూలు ఆసుపత్రిలో ఇచ్చిన స్కాను కవరు ఒళ్లో పెట్టుకుని షాహిస్తా మంచం మీద కూర్చుని ఉంది. దగ్గు వచ్చినప్పుడల్లా ఆ కవరునే నోటికి అడ్డం పెట్టుకుంటోంది. పక్కన తోడికోడలు ఇర్ఫానా ఆమె చెయ్యి వదలకుండా పట్టుకుంది.

ఖలీల్ తండ్రి పీరా సాబ్ గడప మీద కూర్చుని ఉన్నాడు. నిన్న కోడలిని కర్నూలు నుంచి తీసుకొచ్చినప్పటి నుంచీ ఆయన అక్కడే ఉన్నాడు. లోపలికి వస్తే కోడలి ముఖం చూడాలి, బయటికి పోతే వీధిలో వాళ్లకు జవాబు చెప్పాలి. రెంటికీ ధైర్యం చాలలేదు.

"దుమ్మంట, దుమ్ము!" జైతూన్ బీ చేతులు తిప్పింది. "షాహిస్తా రాకముందు ఆ పలక మీద కూర్చుని మ్యాంటిళ్లు దులిపింది ఎవురు? నేను గాదా? నాకేమైంది? గుండ్రాయి మాదిరి లేనా?"

"నీకేమైందో ఎవురు సూసినారమ్మా? నిన్ను ఎవురన్నా కర్నూలుకు తీస్కపోయి లోపల ఫోటో తీయించినారా?" అన్నాడు ఖలీల్.

ఆమె పొయ్యి మీద ఏదో మాడుతోందని వంకపెట్టి వంటింట్లోకి పోయింది. అక్కణ్నుంచి మిరపకాయల ఘాటూ, ఆమె దగ్గూ కలిసి వచ్చాయి.

ఖలీల్ తండ్రి వైపు తిరిగాడు. తండ్రితో ఎదురుపడి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో కొడుకులకు లేదు. కానీ ఈ రెండు రోజుల్లో చాలా అలవాట్లు పోయాయి.

"అబ్బా, షాహిస్తా వాళ్లమ్మ ఏమనింది? ఆ పొడి సంగతి నాకు భయమప్పా, నా బిడ్డను ఆ పనికి పంపొద్దు అనింది. నువ్వేం సెప్పినావు? సర్కారోళ్లు కొలిచినారు, హద్దు లోపలే ఉండాదని ఒట్టేసినట్ల సెప్పినావు. సెప్పినావా లేదా?"

"సెప్పినా."

"ఏం కొలిచినారు అబ్బా? నువ్వు కడిగించిన నేలను కొలిచినారు."

పీరా సాబ్ తల ఎత్తలేదు.

ఆయన మేస్త్రీగా ఉన్నది తిమ్మయ్య శెట్టి మ్యాంటిళ్ల షెడ్డులో. పెట్రోమాక్స్ లైటుకు కడతారే, వెలిగిస్తే తెల్లగా మండే జాలీ సంచి, అదే మ్యాంటిల్. అల్లిన గుడ్డను రేడియేషన్ వెలువరించే థోరియం కలిసిన మందులో ముంచి, ఆరబెట్టి, బిరుసెక్కాక చెక్క పలక మీద కూర్చుని ఒక్కొక్కటే దులిపి, సాగదీసి కట్టలు కడతారు. బల్బులొచ్చి ఆ వ్యాపారం చిక్కిపోయింది గానీ చచ్చిపోలేదు. పీర్ల ఊరేగింపులకూ, జాతర అంగళ్లకూ, పై రాష్ట్రాలకూ ఇంకా పోతూనే ఉంది. దులిపేటప్పుడు లేచే తెల్లదుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది. అందుకని ఒక మనిషి ఏడాదిలో ఎంతకు మించి పీల్చకూడదో ప్రభుత్వం ఒక హద్దు పెట్టింది. ఆ హద్దు దాటుతున్నారో లేదో చూడ్డానికి ఏటా అధికారులు వచ్చి, దులిపే మనిషి మెడ దగ్గర ఒక చిన్న పంపు తగిలించి, అది పీల్చిన గాలిని కాగితం బిళ్ల మీద పట్టుకుపోతారు.

పెద్దమనుషులు ఇంటికొస్తున్నారంటే వాకిలి ఊడ్చి నీళ్లు చల్లని ఇల్లు ఆదోనిలో ఉంటుందా? పీరా సాబ్ కూడా అదే చేశాడు. అధికారులొచ్చే రోజు తెల్లారకముందే షెడ్డు నేలంతా కడిగించేవాడు. కిటికీలకు తడి గోనెలు కట్టించేవాడు. ఆడవాళ్లను పండగ బట్టలు కట్టుకుని రమ్మనేవాడు. వచ్చినవాళ్ల చొక్కాల మీద దుమ్ము పడితే మర్యాదగా ఉండదని ఆ రోజు దులుపుడు సగానికి సగం తగ్గించేవాడు. బొరుగుల ఒగ్గాని, బజ్జీలు, ఏలకుల టీ. కాగితం బిళ్ల శుభ్రంగా వచ్చినట్టే శుభ్రంగా పోయేది. హద్దు లోపలే ఉందని కబురు రాగానే అందరికీ మిఠాయి పంచేవాడు.

అందులో మోసం ఉందని ఆయనకు ఏనాడూ తోచలేదు. తిమ్మయ్య శెట్టికి తోచిందేమో. శెట్టి తోచినవన్నీ పైకి చెప్పే రకం కాదు. "కొలిచిన రోజు దుమ్ము ఎట్లా ఉండింది?" అని కర్నూలు డాక్టరు మామూలుగా అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పబోయి, పీరా సాబ్ మాట మధ్యలో ఆగిపోయాడు. పక్కనే ఉన్న ఖలీల్‌కు మిగతాది అర్థమైపోయింది.

దుమ్ము లోపలికి చేరిందనీ, ముందు ముందు ఏం చేస్తుందో ఇప్పుడే చెప్పలేమనీ, మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కొద్దనీ డాక్టరు చెప్పాడు.

వాకిట్లో ఆటో వచ్చి ఆగింది. ఖలీల్ పెట్టె ఎత్తుకుని బయటికి నడిచాడు. షాహిస్తా లేచి, గడప దగ్గరికి వచ్చి, మామ పక్కన నిలబడింది. ఆయన దారి ఇవ్వడానికి లేవబోయాడు.

"కూర్చో మామా. ఒక్క మాట."

"సెప్పు తల్లీ."

"తిడతాననుకుంటాండావేమో. తిట్టను. నువ్వు కావాలని సేయలేదని నాకు ఎరికే." ఆగి ఊపిరి తీసుకుంది. "రేపు మల్ల కొలిసేకి వస్తాండారంట గదా. నా పలక మీద ఇప్పుడు ఇర్ఫానా కూర్చుంటాది. రేపు నీళ్లు చల్లొద్దు మామా. నాకు ఇంగేం వద్దు. రోజూ ఎట్లుంటాదో అట్ల కొలవనీ."

పీరా సాబ్ తల ఊపాడు.

షాహిస్తా ఇంకేదో చెప్పబోయింది. వెనక నుంచి ఇర్ఫానా ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. షాహిస్తా పెదవి కొరుక్కుని ఆటో ఎక్కింది.

ఆటో మలుపు తిరిగింది. తరువాత జైతూన్ బీ కోపం చూపించడానికి ఎవరూ దొరకక ఇర్ఫానా మీద పడింది.

"నువ్వేందే, పొద్దున్నుంచి ఒక మెతుకు ముట్టలేదు? నీ మొగుడు ఉమేర్ లారీ దిగి వచ్చి నా పెండ్లాన్ని ఎండబెట్టినారంటే ఎవురు జవాబు సెప్పాల?"

"ఆకలి లేదత్తా," అంది ఇర్ఫానా. అని గబగబా పెరట్లోకి పోయింది.

చీకటి పడకముందే శెట్టి ఫోను చేశాడు. "పీరా సాబ్, రేపు మేడమ్ కొత్తామె వస్తాంది. మన మర్యాదకు తక్కువ సేయొద్దప్పా. నీకు నేను సెప్పల్నా?"

"సరే శెట్టీ," అన్నాడు పీరా సాబ్. ఫోను పెట్టేశాక, దేనికి సరే అన్నాడో ఆయనకే తెలియలేదు.

తెల్లారి షెడ్డు దగ్గరికి పోయేసరికి ఆడవాళ్లు అప్పటికే చీపుర్లు, బకెట్లతో నిలబడి ఉన్నారు. ఎవరూ పిలవకపోయినా వచ్చారు. తానే నేర్పిన పద్ధతి. కొందరు రంజాన్‌కు కొన్న చీరలు, కొందరు ఉగాదికి కొన్న చీరలు కట్టుకున్నారు. పెద్దకడుబూరు నుంచి వచ్చే ఆదెమ్మ మొదటి బకెట్ నింపి కొళాయి కట్టేస్తోంది.

"ఈ రోజు కడగొద్దు," అన్నాడు.

"ఏందన్నా?"

"నీళ్లు వద్దు. గోనెలు వద్దు. రోజూ ఎట్లుంటాదో అట్లనే ఉండనీండి. పనీ అట్లనే సేయండి."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆదెమ్మ బకెట్ దబ్బున కింద పెట్టింది.

"హద్దు దాటితే షెడ్డు మూస్తారు సాబన్నా. మూస్తే మేం యాడికి పోవాల? ఎండలో పత్తి తీసేకి పోవాల్నా? ఈ నడుములతోనా?"

"ఉండే షెడ్డులోనే మనకు ఏమైతాండాదో తెలుసుకోవాల గదమ్మా..."

"నీ కోడలికి బాగలేదు. నిజమే. మాకూ కడుపు మండుతాంది. అట్లని మా అందరి కూడు మీద కాలు పెడ్తావా? ఇన్నేండ్లు కడగమన్నోడివి నువ్వే గదా!"

తప్పు చేసినవాడు ఒక్కడూ, దాన్ని సరిచేస్తే నష్టపోయేవాళ్లు ఇంతమందీ. ఇదెక్కడి న్యాయమని పీరా సాబ్ కూడా తనలో తాను అడుక్కుంటూనే ఉన్నాడు. ఆదెమ్మ చేతిలోంచి చీపురు తీసుకుని గోడకు ఆనించాడు. ఇర్ఫానా ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి పోయి, షాహిస్తా పలక మీద కూర్చుంది.

జీపు దిగిన అధికారి పేరు శ్రీలక్ష్మి. ఖలీల్ వయసు కూడా ఉండదు. ఒగ్గాని వద్దంది, టీ వద్దంది. లోపలికి వచ్చి నేల వైపు, కిటికీల వైపు చూసి, తెల్ల దుమ్ములో పడ్డ తన చెప్పుల అడుగుల వైపు చూసుకుంది.

"రోజూ ఇలాగే ఉంటుందా?"

"రోజూ ఇట్లే మేడమ్," అన్నాడు పీరా సాబ్.

ఆమె ఆడవాళ్లందరినీ దగ్గరికి పిలిచింది. "మీరు బట్టలకు తగిలించుకునే రేడియేషన్ బిళ్లలు ఉన్నాయి కదా, అవి బయట్నుంచి తగిలేదాన్నే చూస్తాయి. ఊపిరితో లోపలికి పోయేది ఈ పంపు చూస్తుంది. థోరియం ఒకసారి లోపలికి చేరితే తొందరగా బయటికి రాదమ్మా. ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. అందుకే దానికి పెట్టిన హద్దు చాలా చిన్నది. హద్దు లోపల ఉన్నామని ధీమాగా ఉండకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది." పంపు తీస్తూ ఇంకో మాట అంది. "మీలో గర్భంతో ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? అనుమానం ఉన్నా సరే చెప్పండి. వాళ్లు ఈ గదిలో ఉండకూడదు. కడుపులో బిడ్డకు హద్దు వేరు."

ఆడవాళ్లు నవ్వుకున్నారు. "మా వయసుకా మేడమ్!" అంది ఎవరో. ఇర్ఫానా చున్నీ సర్దుకుంది.

"దులిపేది ఎవరు?"

"నేను మేడమ్," అంది ఇర్ఫానా.

పంపు ఆమె నడుముకు కట్టారు. గొట్టం భుజం మీదుగా తెచ్చి, కాగితం బిళ్ల ఉన్న మూతి మెడ దగ్గర తగిలించారు. అది సన్నగా గుయ్యిమంటూ మొదలైంది. ఇర్ఫానా చున్నీ కొస ముక్కుకు చుట్టుకుని మొదటి మ్యాంటిల్ దులిపింది.

పీరా సాబ్ కూర్చునే చోటు బయట వసారాలో. కట్టలు లెక్కపెట్టడం ఆయన పని. దులిపే గదిలోకి పనిమీద వచ్చిపోవడమే గానీ నిలబడి చూసింది తక్కువ. ఈ రోజు గోనెలు లేవు కాబట్టి కిటికీలోంచి ఎండ నేరుగా పలక మీద పడుతోంది. ఆ ఎండలో ఆయనకు దుమ్ము కనపడింది. చెయ్యి విదిలించినప్పుడల్లా పిండి జల్లించినట్టు లేచి, సగం నేలకు దిగి, సగం నింపాదిగా ఇర్ఫానా ముఖం వైపు పోతోంది. ఇదేనా షాహిస్తా పీల్చింది? దీన్ని చూపించకుండానేనా తను మిఠాయిలు పంచింది?

ఆదెమ్మ నింపిన బకెట్ గుమ్మం పక్కనే ఉంది. ఆయన చెయ్యి దానంతట అదే దాని మీదికి పోయింది. రెండు దోసిళ్లు చల్లితే చాలు, ఆ పిల్ల చుట్టూ దుమ్ము అణుగుతుంది. ఎవరి మర్యాద కోసమూ కాదు, ఈసారి పిల్ల కోసమే.

"మామా," ఇర్ఫానా తల తిప్పకుండానే అంది. "బకెట్ యాడ తీసినావో ఆడ పెట్టు."

"రొంత నీళ్లమ్మా, రొంతే..."

"నేను రోజూ పీల్చేదే గదా. ఈ రోజు లెక్కలోకి పోతాది. అక్క అడిగింది అదొక్కటే."

ఆయన బకెట్ కింద పెట్టాడు. నీళ్లు తొణికి ఆయన పాదం మీదే పడ్డాయి.

తిమ్మయ్య శెట్టి వచ్చేసరికి పని జోరుగా సాగుతోంది. శెట్టి గుమ్మంలో ఆగి నేల చూశాడు, గాలి చూశాడు, శ్రీలక్ష్మికి నమస్కారం పెట్టి నవ్వాడు. నవ్వు చెరగకుండానే పీరా సాబ్ భుజం మీద చెయ్యేసి వసారాలోకి నడిపించాడు.

"ఏం సాబ్, ఆదోనిలో నీళ్లకు కరువొచ్చిందా?"

"నీళ్లుండాయి శెట్టీ. నాకే మనసు రాలేదు."

"మనసు!" శెట్టి గొంతు తగ్గించాడు. "దీపాల వ్యాపారం ఇప్పటికే కొనఊపిరితో ఉండాది. నువ్వు ఊదేసినావు. ఈ ఆడోళ్లకు రేపు నువ్వు పని సూపిస్తావా?"

పీరా సాబ్ ఏదో అనేలోపే వీధిలో ఆటో కీచుమంటూ ఆగింది. జైతూన్ బీ దిగింది. పైట జారిపోతున్నా చూసుకోకుండా, ఇద్దరి మధ్య నుంచీ తోసుకుంటూ దులిపే గదిలోకి పోయింది. ఆ గదిలోకి ఆమె రావడం, పని మానేసిన తరువాత ఇదే మొదలు.

"లెయ్యే! ముందు ఆ పలక మీద నుంచి లెయ్!"

ఇర్ఫానా చేతిలో మ్యాంటిల్ అట్లాగే ఉండిపోయింది.

"షాహిస్తా ఎమ్మిగనూరు నుంచి ఫోన్ సేసి ఏడ్చింది. రాత్రంతా నిద్రపోలేదంట. నీకు నెల తప్పిందంట గదే! దానికి సెప్పినావు, నాకు సెప్పేకి నోరు రాలేదా?"

గదిలో చేతులన్నీ ఆగిపోయాయి. పంపు ఒక్కటే గుయ్యిమంటోంది.

"మూడు నెలలు నిండేదాకా మాట బయట పడగూడదని నువ్వే గదత్తా అనేది," అంది ఇర్ఫానా. "నీకు సెప్తే మామకు తెలుస్తాది. తెలిస్తే నన్ను ఈడికి రానియ్యడు. నేను రాకుంటే ఈ పలక మీద ఎవురు కూర్చుంటారు? అక్కకు మాటిచ్చినా."

శ్రీలక్ష్మి అప్పటికే పంపు ఆపేసి, ఇర్ఫానా మెడ నుంచి గొట్టం విప్పుతోంది. "అడిగాను కదమ్మా... నేను అడిగాను కదా..." అని రెండుసార్లు అంది. ఇర్ఫానాను బయట గాలికి పంపి, కాళ్లూ చేతులూ ముఖమూ కడిగించమంది.

పీరా సాబ్ గోడకు ఆనుకున్నాడు. చిన్న కోడలు తన కళ్ల ముందే కూర్చుని పీల్చింది. తను బకెట్ పట్టుకుని, మళ్లీ కింద పెట్టాడు. నీళ్లు చల్లిన రోజులూ తప్పే, చల్లని ఈ రోజూ తప్పే అయింది. అల్లా తనకు ఏ చేతి పనీ సక్రమంగా చేసే రాత రాయలేదేమో అనిపించింది.

"అయ్యో, పాపం," అన్నాడు శెట్టి. "మేడమ్, ఈ రోజు వదిలేద్దాం. సగంలో ఆగింది ఎట్లాగూ చెల్లదు. పోయినసారి లెక్క ఉండనే ఉంది. ఇంకో రోజు రండి, శుభ్రంగా అన్నీ ఏర్పాటు చేయిస్తాను."

శుభ్రంగా అన్న మాట పీరా సాబ్ చెవిలో చెంపదెబ్బలా పడింది.

శ్రీలక్ష్మి కొత్త కాగితం బిళ్ల చేతిలో పట్టుకుని ఆలోచించింది. "పొద్దింకా చాలా ఉంది. ఇప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టినా సరిపోతుంది. ఇంకెవరైనా దులిపేవాళ్లు ఉన్నారా?"

ఆడవాళ్లు ఒడిలో చేతుల వైపు చూసుకున్నారు. ఆదెమ్మ గోడ వైపు తిరిగింది.

"నేను కూర్చుంటా," అన్నాడు పీరా సాబ్.

"మీకు ఈ పని అలవాటు ఉందా?"

ఇన్నేళ్ల మేస్త్రీ. ఒక్కనాడు ఆ పలక మీద కూర్చోలేదు. ఆడవాళ్ల పని అనుకున్నాడు. "లేదు మేడమ్," అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు, రోజూ ఇట్లే అన్న పొద్దుటి మాట కంటే ఎక్కువ సిగ్గేసింది.

ఇంక పని అయిపోయినట్టే అనుకుని శెట్టి జేబులోంచి కారు తాళాలు తీశాడు.

అప్పుడు పలక కిర్రుమంది. అందరూ అటు చూశారు. జైతూన్ బీ కూర్చుంది. పైట బిగించి, మోకాళ్లు సర్దుకుని, పక్కనున్న కుప్పలోంచి చూడకుండానే ఒక మ్యాంటిల్ అందుకుంది.

"షాహిస్తాకు నేర్పింది నేనే మేడమ్. నా చేతులు ఇంగా మర్చిపోల్యా. తగిలించు నీ పంపు."

"జైతూన్, వద్దు," అన్నాడు పీరా సాబ్.

ఆమె భర్త వైపు చూసింది. ఆ చూపులో నిన్నటి కోపం లేదు. "ఇన్నేండ్లు నేను పీల్చింది ఎవురూ కొలవల్యా. ఈ ఒక్క రోజన్నా కొలవనీ."

పంపు మళ్లీ మొదలైంది. జైతూన్ బీ మణికట్టు విదిలించింది. దుమ్ము ఎండలోకి లేచింది. రెండోది దులిపింది, మూడోది దులిపింది, అంతలోనే దగ్గు వచ్చింది. పొడి దగ్గు, ఆగి ఆగి, చివర్న చిన్న కూతతో.

ఆ దగ్గు పీరా సాబ్‌కు కొత్త కాదు. ఏళ్ల నుంచి ఇంట్లో పొద్దున, సాయంత్రం వింటూనే ఉన్నాడు. తిరగమాతలో మిరపకాయలు తగ్గించవే అని విసుక్కునేవాడు కూడా.

ఈ గదిలో పొయ్యి లేదు. ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె నాలుగో మ్యాంటిల్ అందుకుంది.